తొమ్మిదో నంబరు గది మబ్బులక్క

మా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేది నేలమాళిగలో, తొమ్మిదో నంబరు గదిలో. కిటికీ లేని గది. అందులో ముప్పై ఏళ్ళు పనిచేసిన ఒకావిడను పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి గదులు ఊడ్చేవాళ్ళ దాకా అందరూ అక్క అనే పిలిచేవాళ్ళు. సముద్రం ఒడ్డున మాత్రం ఆవిడ పేరు మబ్బులక్క. ఆ పేరు పెట్టింది అక్కడ టీ బండి నడిపే ముసలాయన. నేను అక్క కింద పదకొండేళ్ళు పనిచేశాను. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కొంత నేను కళ్ళారా చూసింది, కొంత అక్క చెప్పింది, మిగతాది టీ బండి ఆయన దగ్గర విన్నది. ఆయన చెప్పినప్పుడల్లా కథలో గాలి వేగం కాస్త పెరుగుతూ ఉంటుంది గానీ, మిగతాదంతా నిజమే.

అక్కది పొట్టి శరీరం, మొరటు చేతులు. మనుషుల్ని స్ట్రెచరు మీంచి బల్ల మీదికి ఎత్తి ఎత్తి గట్టిపడ్డ చేతులు. లారీ గుద్దినవాళ్ళు, మిషన్లో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు, తాగి తన్నుకున్నవాళ్ళు, ఎవరైనా సరే ఆ బల్ల మీదికి రావలసిందే. విరిగిన తీరు చూసి ఆ ఎముక ఎలా విరిగిందో చెప్పేసేది. "ఇది గోడను గుద్దిన చెయ్యి. ఎదుటివాడి మూతిని గుద్దుంటే పళ్ళ గాటు ఉండేది," అని ఒకసారి ఓ తాగుబోతు ముందే నాకు పాఠం చెప్పింది. అతను సిగ్గుపడి, "గోడేనక్కా," అన్నాడు.

నేను చేరకముందు, ఫిల్ములు చీకటిగదిలో చేత్తో కడిగే రోజుల్లో, ఆవిడ రోజుకి ఎనిమిది గంటలు ఎర్రబల్బు కింద గడిపేదట. బయటికొస్తే ఎండ కళ్ళల్లో ఇసుక కొట్టినట్టు ఉండేది. కళ్ళు కుదుటపడేదాకా ఇంటికి పోకుండా సముద్రం ఒడ్డున కూర్చునేది. రాత్రి డ్యూటీ దిగి అలా కూర్చున్న ఒక పొద్దున ఆకాశంలో సూర్యుడి చుట్టూ గుడి కట్టి ఉంది. చుట్టూ పెద్ద వెలుగు వలయం, ఆ వలయం మీద అటొకటి ఇటొకటి దొంగ సూర్యుళ్ళు. నెత్తిమీద ముగ్గురు సూర్యుళ్ళు మండుతుంటే ఒడ్డున ఉన్న వందమందిలో ఒక్కరూ తలెత్తలేదు.

"అందరూ వంగి గవ్వలు ఏరుకుంటున్నారురా. నాకు గొంతు చించుకుని అరవాలనిపించింది," అనేది అక్క.

అరవలేదు. పెళ్ళిళ్ళ ఫోటోలు తీయడం మానేసిన ఒకాయన దగ్గర పాత కెమెరా, దాని మూడుకాళ్ళ స్టాండు కొనుక్కుంది. నలభై దాటాక నేర్చుకున్న విద్య. నెమలి మెడలా రంగులు మారే పల్చటి మబ్బులు, మబ్బు చిరుగులోంచి నీటి మీదికి దిగే ఎండ కమ్మీలు, సముద్రంలోంచి ఆకాశంలోకి తొండంలా లేచే నీటిసుడి, ఇవే తీసేది. మనుషుల్ని ఎప్పుడూ తీయలేదు. అడిగితే, "రోజూ లోపలిదాకా చూస్తున్నాగా, చాల్లే," అని నవ్వేసేది.

ఆ ఆకాశం ఆవిడకు ఏదీ ఊరికే ఇవ్వలేదు. ఒక వేసవి సాయంత్రం సముద్రం మీద నల్లటి మబ్బు నిలబడి ఉంది. ఎవరో లోపల దీపం వెలిగించి ఆర్పుతున్నట్టు మాటిమాటికీ వెలుగుతోంది, ఉరుము లేదు. అక్క స్టాండు పాతి తీస్తోంది. యాభై అడుగుల అవతల అన్నదమ్ములిద్దరు వల బాగుచేసుకుంటున్నారు. పిడుగు వాళ్ళ మధ్య పడింది. అక్కకు శబ్దం వినపడలేదు, చెవుల్లో ఈల మాత్రం మోగింది. కళ్ళు తెరిచి చూసేసరికి తను వెల్లకిలా పడి ఉంది. అన్నదమ్ములిద్దరూ పడి ఉన్నారు. ఒకడి చెప్పులు దూరంగా ఇసుకలో పొగలు కక్కుతున్నాయి. వల అంటుకుని, మాంసం కాలిన వాసన వస్తోంది.

ఇద్దరికీ ఊపిరి లేదు. దగ్గరున్నవాడి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి కుదపడం మొదలుపెట్టింది. పక్కటెముకలు తన అరచేతుల కింద పటపటా విరగడం తెలుస్తూనే ఉంది. అయినా ఆపలేదు. జనం పరుగెత్తుకొచ్చారు గానీ రెండోవాణ్ణి ముట్టుకోవడానికి ఒక్కడికీ ధైర్యం చాలలేదు. పావుగంటకు ఆమె చేతుల కింది మనిషి దగ్గాడు. అప్పటికి రెండోవాడు చల్లబడిపోయాడు. వారం తర్వాత మా గదికే ఎక్స్‌రేకి వచ్చాడు బతికినవాడు. బల్ల మీద పడుకుని ఆవిడ ముఖంలోకి చూస్తూ, "మా తమ్ముణ్ణి ఎందుకు వదిలేశావమ్మా?" అన్నాడు. అక్క అతన్ని ఊపిరి బిగబట్టమంది. మీట మాత్రం నన్ను నొక్కమంది. అయినా పిడుగు పడ్డ మర్నాడే కెమెరా పట్టుకుని అదే చోటికి వెళ్ళొచ్చిన మనిషి ఆవిడ. "ఆరోజు వెళ్ళకపోతే ఇక జన్మలో వెళ్ళలేను," అంది.

అక్క పెళ్ళి చేసుకోలేదు. ఒక్కతే చెల్లెలు, పదేళ్ళు చిన్నది. ఇంట్లోనే మిషను పెట్టుకుని కర్టెన్లు, బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆమె భర్త ఓడరేవులో క్రేను నడుపుతాడు. ఆరడుగుల మనిషి. అతను నవ్వితే మనకూ నవ్వొస్తుంది. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా, "వదినా, ఈసారి మీ మబ్బులు బాగా పండాయా?" అని ఆటపట్టించేవాడు. అతనంటే మా అందరికీ ఇష్టమే. నాకు కూడా. ఇప్పుడు ఆ మాట ఒప్పుకోవడానికి నోరు రావడం లేదు.

ఒకరోజు పొద్దున పదింటప్పుడు పైనుంచి ఒక కేసు పంపారు. చేతికి గుడ్డ చుట్టుకుని తలుపు దగ్గర నిలబడింది చెల్లెలు.

"మెట్ల మీద జారానక్కా," అంది, ఎవరూ అడగకముందే.

అక్క ఆ గుడ్డ విప్పింది. చెయ్యి బల్ల మీద సరిగ్గా పెట్టింది. నేను మీట నొక్కాను. తెర మీద బొమ్మ వచ్చింది. మోచేతికీ మణికట్టుకీ నడుమ, చిటికెన వేలి వైపు ఎముక అడ్డంగా పుటుక్కున తెగినట్టు ఉంది. తలమీద పడే దెబ్బకి చెయ్యి అడ్డం పెడితే విరిగే చోటు అది. ఆ సంగతి నాకు నేర్పింది అక్కే. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

అక్క ఫోను తీసి పైన ఎముకల డాక్టరుతో రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. "ఛాతీ కూడా తియ్యి," అంది నాతో.

తీశాను. కుడివైపు మూడు పక్కటెముకల మీద విరిగి అతుక్కున్న గడ్డలు. మూడూ ఒకనాటివి కావు. ఒకటి నిరుటిది, ఒకటి ఇంకా పాతది, ఒకటి మొన్నమొన్నటిది.

"మీ ఇంట్లో మెట్లెక్కడున్నాయే?" అంది అక్క, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"వీధిలో..."

"ఏ వీధిలో?"

చెల్లెలు ముక్కు చీదుకోవడానికి విరిగిన చెయ్యి ఎత్తబోయి కెవ్వుమంది.

"ఆరేళ్ళ నుంచి వాడు నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. ఊరందరి ఎముకలూ చదివాను. నీవి చదవలేదు," అంది అక్క. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"నీకు చెబితే నువ్వు ఊరుకోవు. నువ్వు ఊరుకోకపోతే వాడు నన్ను చంపుతాడు. అందుకే చెప్పలేదు."

ఇక్కడినుంచి నేనూ అతన్ని వాడు అనే అంటాను.

కట్టు వేయించి చెల్లెల్ని తన ఇంటికి తీసుకుపోయింది అక్క. రెండు గదుల వాటా, గోడల నిండా మబ్బులు. మూడోరోజు వాడు కమలాపళ్ళ సంచితో వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "కోపంలో చెయ్యి తగిలింది వదినా. మొగుడూ పెళ్ళాల మధ్య ఇవన్నీ మామూలే. పంపించండి," అన్నాడు, అదే నవ్వుతో.

"మూడు పక్కటెముకలకు కూడా చెయ్యే తగిలిందా, కాలు తగిలిందా?" అంది అక్క.

నవ్వు పోయింది. సంచి నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. వారానికి మళ్ళీ వచ్చాడు. ఈసారి తలుపు తన్నాడు. గడియ ఊడి వచ్చింది. ముందుగదిలో ఉన్న ఫోటోలన్నీ ఒక్కొక్కటే గోడకి కొట్టి పగలగొట్టాడు. వంటగదిలోకి దూరి తలుపుకి బీరువా అడ్డం పెట్టుకున్న చెల్లెలికి ఒక్కో అద్దం పగిలిన చప్పుడూ విడివిడిగా వినపడిందట. పక్కవాటా వాళ్ళు కేకలేస్తే పోయాడు. అక్క పని నుంచి వచ్చేసరికి చెల్లెలు బీరువా వెనకే ఉంది. బయటికి రమ్మంటే నడుము బిగుసుకుపోయి లేవలేకపోయింది.

పోలీసు స్టేషన్లో ఎస్సై, "ఇంటి గొడవ కదమ్మా, పెద్దవాళ్ళు మీరే సర్దిచెప్పాలి," అన్నాడు. అక్క ఎముకల డాక్టరు రాసిచ్చిన కాగితాలు, ఎక్స్‌రే ఫిల్ములు ఆయన బల్ల మీద పరిచింది. ఒక ఫిల్ము తీసి ఆయన కిటికీ వెలుగుకి పట్టింది. ఒక్కో గడ్డ మీదా వేలు పెట్టి, ఇది ఎప్పటిది, ఇది దేనివల్ల వచ్చింది అని చెప్పుకుంటూ పోయింది. ఎస్సై టీ చల్లారిపోయింది. చివరికి కేసు రాసుకున్నాడు. రేవులో వాణ్ణి పనిలోంచి పక్కన పెట్టారు. ఆ సంగతి తెలిశాక నేను, "అక్కా, కొన్నాళ్ళు సముద్రం దగ్గరికి వెళ్ళకు. వాడికి నీ వేళలన్నీ తెలుసు," అన్నాను.

"వాడికి భయపడి ఆకాశం కూడా మానేయాలా?" అంది.

వానాకాలం మొదట్లో జరిగింది ఇది. ఒడ్డున పాతకాలం రేవుగట్టు ఒకటుంది, సగం కూలిపోయింది. పొద్దున్నే దాని పక్కన ఇసుకలో స్టాండు పాతింది అక్క. చెల్లెలు ఇంట్లో ఒక్కతే ఉండలేక వెంట వచ్చి, వంద గజాల వెనక టీ బండి దగ్గర స్టూలు మీద కూర్చుంది. కట్టు ఇంకా ఉంది.

సముద్రం మీంచి మబ్బు వస్తోంది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఇంటి అరుగులా గట్టు కట్టిన మబ్బు. పొర మీద పొర, కింది అంచు కత్తితో కోసినట్టుంది. దాని కడుపు పాత సీసాలా ఆకుపచ్చగా ఉంది. పక్కన ఒక సందులోంచి ఎండ ఏటవాలుగా పడి అలల అంచులు కాలిన ఇనుములా ఎర్రగా మెరుస్తున్నాయి. పక్షులన్నీ లోపలికి పారిపోతున్నాయి. గాలి పూర్తిగా ఆగిపోయింది. అలాంటిది పదేళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదని చెప్పింది అక్క. కన్ను కెమెరాకు ఆనించి ఉంది. ఇసుకలో అడుగుల చప్పుడు వినపడలేదు.

వాడు క్రేను బోల్టులు బిగించే పెద్ద పానా తెచ్చుకున్నాడు. మొదటి దెబ్బ కెమెరా మీద ఉన్న కుడిచేతి మీద పడింది. మూడు వేళ్ళు విరిగాయి. అక్క తిరిగింది. రెండో దెబ్బ భుజం మీద. మోకాళ్ళ మీద కూలింది. డొక్కలో తన్నాడు. జుట్టు పట్టుకుని నీళ్ళలోకి ఈడ్చుకుపోయాడు.

"నా సంసారంలో దూరతావా? నీకు మొగుడు లేడని నా పెళ్ళానికీ లేకుండా చేస్తావా?" అని అరుస్తూనే ఉన్నాడు. తలను నీళ్ళలో ముంచి, మోకాలితో వీపు మీద అదిమాడు. అల వచ్చినప్పుడల్లా నోట్లో ఇసుక, ఉప్పు. అల వెనక్కి పోయినప్పుడు అరక్షణం గాలి. ఆ అరక్షణాలను లెక్కపెట్టుకున్నానని చెప్పింది అక్క. ఐదు దాకా లెక్కపెట్టింది.

చెల్లెలు ఎప్పుడు పరుగెత్తిందో టీ బండి ఆయనకే తెలియలేదు. స్టూలు పడిన చప్పుడు విని తల తిప్పేసరికి ఆమె నీళ్ళలో ఉంది. కట్టు ఉన్న చేతినే ఎత్తి, బలంకొద్దీ వాడి చెవి మీద కొట్టింది. పిండికట్టు రెండు ముక్కలైంది. లోపల అతుక్కుంటున్న ఎముక మళ్ళీ విరిగింది. వాడు తూలి, చెవిలోంచి నెత్తురు కారుతుంటే చెల్లెలి వైపు తిరిగాడు. గొంతు పట్టుకున్నాడు.

అక్కకు వాడు తనను వదిలాడన్న సంగతి మాత్రమే తెలిసింది. పాక్కుంటూ ఒడ్డుకొచ్చి, ఎడమచేత్తో స్టాండు ఊడబెరికింది. కెమెరా ఇంకా దాని మీదే ఉంది. వెనక నుంచి వెళ్ళింది. ఎక్కడ కొట్టాలో ఆవిడకు ఆలోచించనక్కర్లేదు. మెడకీ భుజానికీ మధ్య ఉండే ఎముక సన్నది, చర్మం కిందే ఉంటుంది. అది పోతే ఆ చెయ్యి లేవదు. ఒక్కటే దెబ్బ. ఆ చప్పుడు టీ బండి దాకా వినపడిందట. వాడి చెయ్యి చెల్లెలి గొంతు మీంచి జారి, వేలాడింది. వాడు రెండో చేత్తో అక్క మీదికి రాబోయాడు. మోకాలి పక్కన ఇంకొకటి కొట్టింది. కూలిపోయాడు.

సరిగ్గా అప్పుడు మబ్బు అంచు నెత్తిమీదికి వచ్చింది. ఆగిపోయిన గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. టీ బండి రేకు లేచి, గిరగిరా తిరుగుతూ రోడ్డవతల గోడకి గుచ్చుకుంది. బండి బోర్లా పడి మరిగే నీళ్ళు ముసలాయన కాలి మీద పడ్డాయి. వాన రాళ్ళలా కొడుతోంది. పెద్ద అల ఒకటి వచ్చి వాణ్ణి ఎత్తుకుని వెనక్కి లాక్కుపోయింది. ఒక చెయ్యి, ఒక కాలు పనిచేయని మనిషి. "వదినా!" అని అరిచాడు, మునిగాడు.

"వదిలెయ్ అక్కా," అంది చెల్లెలు. అరవలేదు, మామూలుగానే అంది. "నీకు దణ్ణం పెడతాను, వదిలెయ్."

అక్క నీళ్ళలోకి దిగింది. ఛాతీలోతు దాకా వెళ్ళి, ఎడమచేత్తో వాడి చొక్కా కాలరు పట్టుకుంది. కుంటుకుంటూ వచ్చిన టీ బండి ఆయన ఆవిడ నడుము పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఈడ్చి ఒడ్డున పడేశారు. వాడు నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, మొదట అన్న మాట బూతు. అక్క వాడి పక్కనే కూలబడి వాంతి చేసుకుంది.

అక్కనీ, చెల్లెల్నీ, వాణ్ణీ ఒకే అంబులెన్సులో మా దగ్గరికి తెచ్చారు. తొమ్మిదో గదిలో ఆ పూట డ్యూటీ నాది. బయట మూడు స్ట్రెచర్లు. ముందు ఎవర్ని తీయాలని నర్సు అడిగింది. నేను నోరు తెరిచేలోగా అక్కే, "దానికి ముందు తియ్యి. తర్వాత వాడికి, ఆ విరిగిన ఎముక ఊపిరితిత్తిలో గుచ్చుకుందేమో చూడు. నాకు వేళ్ళే కదా," అంది. ఆవిడ చేతిని నేను బల్ల మీద పెట్టినప్పుడు వేళ్ళు ఎటు పడితే అటు వాలిపోయాయి. నాకు బొమ్మ సరిగ్గా కనపడలేదు, కళ్ళు మసకలు కమ్మాయి. "ఏడిస్తే బొమ్మ కదులుతుందిరా," అని తిట్టింది.

కోర్టులో వాడి లాయరు, "అంత తుఫానులో ఆడమనిషి ఒంటరిగా సముద్రం దగ్గర ఏం చేస్తున్నట్టు?" అని నిలదీశాడు.

"మబ్బు ఫోటో తీస్తున్నాను."

"మబ్బా?" అని నవ్వాడు. "మా క్లయింటును పిలిపించి కొట్టాలని వెళ్ళారని ఎందుకు అనుకోకూడదు?"

అక్క అప్పటికి డిజిటల్ కెమెరాకి మారింది, అది పగిలినా అందులో ఫోటోలున్న కార్డు బతికింది. ఆరోజు తీసినవి నలభై ఒకటి, టైముతో సహా. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. జడ్జిగారు కేసుకి కావలసినదానికంటే చాలాసేపు వాటినే చూస్తూ ఉండిపోయారు. వాడికి నాలుగేళ్ళు పడింది. బయటికొచ్చాక వేరే రేవుకి పోయాడని విన్నాం. చెయ్యి ఇప్పటికీ పూర్తిగా లేవదట.

అక్కచెల్లెళ్ళ మధ్య మాత్రం ఆ పొద్దుటి సంగతి తేలలేదు. ఎందుకు లాగావని చెల్లెలు మూడు నెలలు అక్కతో మాట్లాడలేదు, ఒకే ఇంట్లో ఉంటూ. ఎముకకు ఇనుప పలకలు బిగించిన చేత్తో బట్ట నెడుతూ మిషను తొక్కుకుంటూ కూర్చునేది. ఒకరోజు అక్కే నోరు విప్పింది. "నేను మంచిదాన్నని కాదే. వాడి మీద జాలీ లేదు. ఒకసారి ఒకణ్ణి వదిలేసి చూశాను. ఇంకోసారి నావల్ల కాలేదు."

"నావల్ల అయ్యేది," అంది చెల్లెలు. అంతే, ఆ విషయం మళ్ళీ ఎత్తుకోలేదు. రాత్రి ఇద్దరూ కలిసి తిన్నారు.

అక్క రిటైరై రెండేళ్ళయింది. కుడి చూపుడువేలు వంగదు, ఇంకో కెమెరా కొని బొటనవేలితో నొక్కడం నేర్చుకుంది. పోయిన నెల ఒక పొద్దున నేనూ వాళ్ళతో వెళ్ళాను. తెల్లటి మబ్బు తునకలు అంచుల దగ్గర గులాబీ, పచ్చ రంగుల్లో మెరుస్తున్నాయి. అక్క లోకాన్ని మరిచిపోయి తీసుకుంటోంది. చెల్లెలు మడత కుర్చీ వేసుకుని సముద్రానికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. ఎప్పుడూ అలాగే కూర్చుంటుందట.

"ఒక్కసారి వెనక్కి చూడవే, మళ్ళీ పోతాయి ఈ రంగులు," అంది అక్క.

"నువ్వు చూడు. ఇటు నేను చూస్తున్నాగా," అంది చెల్లెలు.